రెండుసార్లు అరిచిన ఆవు

నిచ్చెన పైమెట్టు మీద నిలబడి, స్తంభాన్ని ఎడమ మోచేత్తో కౌగిలించుకుని, తీగబాబాయి ఊపిరి బిగబట్టారు. కుడిచేతి వేళ్ల మధ్య వెంట్రుకంత సన్నని గాజుతీగ ఉంది. దాన్ని స్పిరిటు దూదితో ఒకే వైపుకి తుడవాలి. ముందుకీ వెనక్కీ రుద్దితే మురికి మళ్లీ దానికే అంటుకుంటుంది. తెగిన రెండు కొసల్నీ మిషన్లో ఎదురెదురుగా పెట్టాక, అది వాటిని కరిగించి అతికేదాకా ఆయన రెప్ప వేయరు. రెప్ప వేస్తే అతుకు చెడిపోతుందని ఎవరూ చెప్పలేదు. అది ఆయన సొంత శాస్త్రం.

"ఈసారి కూడా ఉడుతేనా బాబాయ్?" పాల క్యాన్లు వేలాడుతున్న సైకిలును నిచ్చెన పక్కన ఆపి పాలాయన అడిగాడు.

"ఉడుతే. ఎలుకైతే ఇంత శుభ్రంగా కొరకదు. దానికి పనిలో శ్రద్ధ ఉండదు."

"మరి మా ఇంటికి నెట్ ఎప్పుడొస్తుంది?"

"వచ్చేసింది. మీ ఆవిడ ఈపాటికి సీరియల్ అందుకుని ఉంటుంది. నువ్వు టీ మీద ఆశ వదులుకో."

పాలాయన నవ్వుకుంటూ సైకిలు తొక్కుకుంటూ పోయాడు. తీగబాబాయి కిందికి దిగి, మిషన్ను బిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టెలో పడుకోబెట్టి మూత వేశారు.

సన్నటి మనిషి. ఎండకు మాగిన ఒళ్లు. స్తంభాలు ఎక్కీ ఎక్కీ మోకాళ్లు కొంచెం బయటికి వంగి, నేల మీద నడుస్తున్నా ఏదో ఎక్కబోతున్నట్టే ఉంటారు. ఎడమ చిటికెన వేలు వంకర. ఒకప్పుడు వానలో జారిపడినప్పటి గుర్తు. ఆయన అసలు పేరు ఆఫీసు కాగితాల్లో తప్ప ఎక్కడా వినిపించదు. మొదట్లో ఈ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ టెలిఫోను స్తంభాల కోసం గోతులు తవ్వారు. తర్వాత వాటి మీద రాగితీగ లాగారు. ఆ తర్వాత టీవీ కేబులు, ఇప్పుడు గాజుతీగ. లోకం మారినప్పుడల్లా తీగ మారింది. లాగే మనిషి మారలేదు. అందుకే ఊరు ఆయనకు ఆ పేరు పెట్టుకుంది.

ఇంతమందికి నెట్ ఇచ్చిన మనిషి ఇంట్లో మాత్రం ఆ నెట్ వంటగది దాకా రాదు. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత" అని భార్య దెప్పుతూ ఉంటుంది. పొద్దున బయల్దేరేటప్పుడు కూడా దెప్పి, ఆఖర్న "ఈ ఒక్కరోజైనా వేళకి కదులు" అంది. ఆయన తలూపారు. ఆ తలూపడం మీద ఆమెకు నమ్మకం పోయి చాలా కాలమైంది.

నిచ్చెనను మోపెడుకు కడుతుండగా ఫోను మోగింది. అవతల దర్జీ అమ్మాయి.

"బాబాయ్, ఎక్కడున్నావు? ఇవాళ నాలుగింటికి నా క్లాసు. ఇవాళ కూడా ఆగిపోయిందనుకో, ఇక నేను కత్తెర పక్కన పడేసి కూలికి పోవడమే."

"శుభమా అంటూ పిలుస్తూ ఆ మాటలేంటి? వస్తున్నా ఉండు."

ఆమె ఊరి చివరింట్లో బట్టలు కుడుతుంది. కుట్టడం కంటే నేర్పడం బాగా వచ్చునని ఈ మధ్యే ఆమెకు తెలిసింది. ఎక్కడెక్కడి ఊళ్ల ఆడవాళ్లో ఫోన్లలో ఆమె ముందు కూర్చుని గౌనుకు చేతులు అతకడం నేర్చుకుంటామన్నారు. మొదటి క్లాసులో సూదిలోకి దారం ఎక్కిస్తుండగా బొమ్మ బిగుసుకుపోయింది. రెండో క్లాసులో ఇంకా ఘోరం. నోరు తెరిచి ఆవలిస్తున్నట్టు ఆమె ముఖం ఆగిపోయి, క్లాసంతా అలాగే ఉండిపోయింది. ఎవరో దాన్ని ఫొటో తీసి అందరికీ పంపారు. మూడోసారి కూడా ఇంతే అయితే వేరే టీచరును చూసుకుంటామని మర్యాదగానే చెప్పారు. ఆ మర్యాదే ఆమెను ఎక్కువ బాధ పెట్టింది.

తీగబాబాయి వెళ్లేసరికి ఆమె కుట్టుమిషను చుట్టూ చీపురు పట్టుకుని తిరుగుతోంది. మెళ్లో కొలతల టేపు, చెవి మీద సుద్దముక్క. గోడకు కొత్తగా తెల్ల దుప్పటి కట్టింది. ఫోనును నిలబెట్టడానికి ఇనప ఇస్త్రీపెట్టెను ఆసరా చేసింది.

"బాబాయ్, నిజం చెప్పు. నాకు అమ్మింది వంద స్పీడేనా?"

"వందే. అనుమానమైతే చూడు."

ఆయన తన ఫోను తీసి, వేగం చూపించే ముల్లును నొక్కారు. ముల్లు వణికి, ఎగిరి, తొంభై దాటి నిలబడింది. ఆయన ముఖం వెలిగిపోయింది. ఊళ్లో ఎవరు "నెట్ మెల్లగా ఉంది" అన్నా ఆయన సమాధానం ఈ ముల్లే. దాన్ని చూపిస్తారు, "గుర్రం" అంటారు, ఫోను జేబులో వేసుకుంటారు, నిచ్చెన తీసుకుంటారు.

"గుర్రం," అని ఫోను జేబులో వేసుకోబోయారు.

"ఆగు, ఆగు. ఇంకా తిరుగుతోంది." ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది.

"అదేం లేదులే. అది ఊరికే తిరుగుతుంది."

"ఊరికే ఎందుకు తిరుగుతుంది? పనీపాటా లేదా దానికి?"

ఆమె ఫోను లాక్కుంది. ముల్లు రెండోసారి బయల్దేరింది. ఈసారి లేవలేక లేవలేక లేచింది, సున్నా పక్కనే కూర్చుంది, మళ్లీ లేవలేదు. ఇద్దరూ వంగి చూశారు. ఇన్నేళ్లుగా ఆ రెండో పరుగు ప్రతి ఇంట్లోనూ తీగబాబాయి జేబులోనే జరిగింది. ఆయన దాన్ని ఎన్నడూ చూడలేదు.

"ఇదేంటి బాబాయ్?"

ఆయన చెవి వెనక గోక్కున్నారు. "మొదటిది ఇంట్లోకి వచ్చే వేగం. ఇది ఇంట్లోంచి బయటికి పోయే వేగం. మాకు నేర్పినప్పుడు దీని గురించి పెద్దగా చెప్పలేదమ్మాయ్. పల్లెల్లో సినిమాలు చూసేవాళ్లే గానీ పంపేవాళ్లు ఎవరుంటారన్నారు. నేనూ నిజమే కదా అనుకున్నా."

"మరి నేను చేసేది పంపడమే కదా. నా చేతులు వాళ్లకి కనిపించాలి. వాళ్లు నాకు కనిపించకపోయినా పర్వాలేదు."

"అవును."

"బాబాయ్, మిషను మీద పైదారం ఎంత బాగా ఉన్నా, కింద బాబిన్లో దారం చిక్కుపడితే కుట్టు పడుతుందా?"

"పడదు."

"మరి నువ్వు ఊరందరికీ పైదారం చూపించి వెళ్లిపోతున్నావన్నమాట!"

ఆయనకు సిగ్గేసింది. వెంటనే నవ్వూ వచ్చింది. కుట్టుపీట మీద కూలబడి పెద్దగా నవ్వారు. ఇన్ని స్తంభాలెక్కినవాడికి ఈ సంగతి ఒక బాబిన్ దగ్గర తెలియాలని రాసిపెట్టి ఉందన్నమాట.

"బయటికి పోయే దారికి పది దాకా ఉండాలి. ఇక్కడ ఒకటి కూడా లేదు. అంటే మీ ఇంట్లోంచి ఇప్పటికే ఏదో పోతోంది. ఆ దారంతా అదే ఆక్రమించేసింది. ఏం పోతోంది చెప్పు?"

"మా ఇంట్లోంచి ఏం పోతుంది? చెత్త పోతుంది."

సరిగ్గా అప్పుడే పెరట్లో ఆవు అరిచింది. ఆ అరుపు ఆగి, ఒకటి రెండు ఊపిర్లు తీసేంత సేపటికి, అదే ఆవు అదే గొంతుతో ఇంటి లోపలి గదిలో అరిచింది.

తీగబాబాయి పెరటి వైపు చూశారు. గది వైపు చూశారు.

"మీకు ఆవులెన్ని?"

"ఒక్కటే. చుక్క."

"మరి గదిలో ఉన్నదెవరు?"

"మా అత్తగారు."

గదిలో మంచం మీద ముసలావిడ రెండు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. కుడికాలికి తెల్లటి కట్టు. చేతిలో పెద్ద ఫోను. దాన్నిండా చుక్క.

"ఏం అబ్బాయ్, బాగున్నావా? కొంచెం పక్కకి జరుగు, వెలుతురు అడ్డం వస్తోంది. ఇది ఇవాళో రేపో ఈనేలా ఉంది. చూడు, తోక ఎలా పక్కకి పెడుతోందో!"

సంగతంతా కోడలే చెప్పింది. పోయిన ఈతలో అందరూ పొలంలో ఉండగా మిట్టమధ్యాహ్నం చుక్క ఈనింది. చూసే దిక్కులేక దూడ దక్కలేదు. ఆ బెంగతో ముసలావిడ ఈసారి కొట్టంలోనే కాపురం పెట్టి, పేడలో జారి కాలు విరగ్గొట్టుకుంది. లారీ తోలే కొడుకు తల్లి ఏడుపు చూడలేక కొట్టంలో మూడు కెమెరాలు బిగించి వెళ్లాడు. తల దగ్గర ఒకటి, తోక దగ్గర ఒకటి, గుమ్మం దగ్గర ఒకటి. అప్పట్నుంచీ ఆవిడ మంచం మీద ఉండి పగలూ రాత్రీ ఆవును కాస్తోంది.

"దొరికింది దొంగ," అన్నారు తీగబాబాయి. "పెద్దమ్మా, నీ ఆవు ఇక్కడ అరిస్తే, ఆ అరుపు తీగ పట్టుకుని ఏ మహానగరానికో పోయి, అక్కడ చెక్కు చేయించుకుని, మళ్లీ నీ మంచం దగ్గరికి వస్తోంది. ఇంట్లోకి వచ్చేది పెద్ద రోడ్డు. బయటికి పోయేది సందు. ఆ సందులో నీ ఆవు మూడు వైపుల నుంచీ అడ్డంగా పడుకుంది. నీ కోడలు దాన్ని దాటి ఎలా పోతుంది?"

"దాటమను. చూలుతో ఉన్నది జరుగుతుందా? కోడలే ఒళ్లు చిన్నది చేసుకుని పోవాలి."

"అత్తయ్యా, ఒక్క గంట. క్లాసు అయ్యేదాకా ఆర్పుదాం."

"ఆర్పితే నా కళ్లు పీకినట్టే. ఆ గంటలోనే ఈనితే? అవతలివాళ్ల గౌనుకి చేతులు రెండు వారాలాగి అతకొచ్చు. దూడ ఆగుతుందా?"

"కెమెరా తక్కువ పంపేలా మార్చొచ్చేమో. నాకైతే రాదు. మీ అబ్బాయి చేయగలడా?" అన్నారు తీగబాబాయి.

కోడలు భర్తకు ఫోను చేసింది. లారీ ఏ కొండల్లో ఉందో, గంట మోగనే లేదు. ఆమె ఫోను దించి, చెవి మీది సుద్దముక్క తీసి బల్ల మీద పెట్టింది. పెట్టిన తీరు చూసి ముసలావిడ తల తిప్పుకుంది. ఆవిడేమీ చెడ్డది కాదు. కోడలు మొదటి క్లాసు చెప్పిన రోజున వచ్చేపోయేవాళ్లందరికీ "మా పిల్ల మేస్టరమ్మ అయింది" అని చాటింది. కాకపోతే పోయినసారి దూడను పూడ్చిపెట్టిందీ ఆవిడ చేతులతోనే.

తీగబాబాయి గుమ్మంలో నిలబడి మంచాన్నీ పెరటినీ మార్చి మార్చి చూశారు. లైను ఎంత దూరం లాగాలో చూసినట్టే చూశారు.

"పెద్దమ్మా, ఇక్కణ్ణుంచి కొట్టం ఎంత దూరం? ఈ గోడ అవతలే కదా! నీ చూపు మహానగరం మీదుగా తిరిగి రావడమెందుకు? నిన్నే తీసుకెళ్లి ఆవు ఎదురుగా కూర్చోబెడితే?"

ఇంత తేలిక సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ఆవిడ కాలు విరిగిందంటే ఇక మంచమే లోకమని అందరూ అనుకున్నారు, ఆవిడతో సహా.

"పడేశారంటే ఊరుకోను," అంది ముసలావిడ. అప్పటికే ఫోను దిండు కింద పెట్టేసింది.

చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, కాలికింద పీట కట్టి, ఆయన ముందూ కోడలు వెనకా పట్టుకుని లేపారు. "ఎడమకి, ఎడమకి! గుమ్మం తగులుతోంది! ఒరే అబ్బాయ్, స్తంభాన్ని మోస్తున్నాననుకుంటున్నావా?" అని ఆవిడ గాల్లోంచి అధికారం చేసింది. కొట్టంలో కుర్చీ దించగానే చుక్క తల తిప్పి, ముక్కు చాచి, ఆవిడ భుజాన్ని ఒక్కసారి నాకింది. ఎన్నో రోజులకు ఆవు వాసన నేరుగా తగిలేసరికి ముసలావిడ కళ్లు చెమర్చాయి. "ఫోన్లో ఇది ఇంత లావుగా కనిపించలేదే!" అంది.

తీగబాబాయి మూడు కెమెరాల వైర్లూ పీకి, లోపలికి వచ్చి ముల్లును నొక్కారు. ఈసారి ఫోను జేబులో వేసుకోలేదు. రెండో పరుగు కోసం ఇద్దరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ముల్లు తొమ్మిది దగ్గర ఆగింది.

"ఇది గుర్రం," అంది ఆమె, సుద్దముక్కను మళ్లీ చెవి మీద పెట్టుకుంటూ.

ఆయన కొట్టంలోకి వెళ్లి, ముసలావిడ పక్కన తొట్టి అంచు మీద కూర్చున్నారు. కుట్టు గది కిటికీ ఆ పక్కకే తెరుచుకుంటుంది. కాసేపటికి లోపల్నుంచి "అందరికీ కనిపిస్తున్నానా?" అన్న మాట వినిపించింది. ఆ తర్వాత నిశ్శబ్దం. ఆయన చేతులు తొట్టి అంచును గట్టిగా పట్టుకున్నాయి. లోపల ఆమె నవ్వింది. "ఇవాళ ఆవలించనులెండి," అంది. ఆయన పట్టు వదిలారు.

పాఠం సాగింది. చంక దగ్గర కొంచెం వదులు ఉంచమంటోంది. ముందు గుండుసూదులు పెట్టుకోమంటోంది. ఎవరో ఏదో అడిగితే, చేయి దగ్గరికి తెచ్చి మళ్లీ చూపిస్తోంది. ఆయన ఇంతకాలం ఊళ్లోకి ఎన్నెన్నో తెచ్చారు. సినిమాలు తెచ్చారు, క్రికెట్టు తెచ్చారు, ఎవరెవరివో గొంతులు తెచ్చారు. ఈ ఊళ్లోంచి ఒకటి బయటికి వెళ్తుంటే పక్కన కూర్చుని వినడం మాత్రం ఇదే మొదలు.

అప్పుడు ఆయన ఫోను మోగింది. ఆఫీసులో మేడమ్.

"ఏమయ్యా, ఎక్కడున్నారు? అందరూ వచ్చి కూర్చున్నారు. టీ చల్లారిపోతోంది. మీ ఆవిడ కూడా వచ్చేశారు."

"లైను మీద ఉన్నానండి," ఆయన గొంతు తగ్గించి అన్నారు.

"ఏం లైను?"

"ఆవు లైనండి."

అవతల నవ్వులు. పెద్ద ఫోనులో అందరూ వింటున్నట్టున్నారు. "సరే, రాలేకపోతే వీడియోలోనైనా కనిపించండి. మీ ముఖం చూసి నాలుగు మాటలు చెప్పుకుంటాం. ఇవాళ కాకపోతే ఇంకెప్పుడు?"

"వద్దండి, వద్దండి!" ఆయన లేచి నిలబడ్డారు. "ఇక్కడ సిగ్నల్ లేదు. ఈ ఇంటి నెట్ మీదే మాట్లాడుతున్నా. వీడియో పెడితే బయటికి పోయే దారి సగం నేనే తినేస్తా. అది ఇప్పుడు పిల్లది. మీరు మాటలు చెప్పండి, నేను వింటా."

వాళ్లు మాట్లాడారు. ఆయన ఫోను చెవికి ఆనించుకుని, ఆవు వంక చూస్తూ, "అయ్యో, అంత లేదండి", "మీ అభిమానం" అంటూ విన్నారు. ఆఖర్న భార్య గొంతు వినిపించింది. "పొద్దున తల ఊపినప్పుడే అనుకున్నా" అంది. ఆ గొంతులో కోపం వెతికినా దొరకలేదు.

ఫోను పెట్టాక ముసలావిడ అడిగింది. "ఎందుకంతమంది కూర్చున్నారు?"

"నన్ను పంపేయడానికి పెద్దమ్మా. ఇవాళ్టితో నా ఉద్యోగం అయిపోయింది."

"చెప్పలేదేం?"

"చెప్తే ఊరంతా కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. పైన ఎక్కి పని చేసుకునేవాణ్ణి, నలుగురి మధ్య కూర్చుంటే నాకు కళ్లు తిరుగుతాయి."

"రేపట్నుంచి ఏం చేస్తావు?"

"ఒక్క ఇంటికి నెట్ బాగు చేయాలి. మా ఇంటికి."

ఆవిడ పళ్లులేని నోటితో నవ్వింది. ఆయన మాటల్లో పడ్డారు. వాళ్ల అమ్మాయి పుట్టిన కబురు కూడా స్తంభం మీదే తెలిసిందట. రాగితీగకు పరీక్షఫోను తగిలించి చూస్తుంటే, ఎక్స్ఛేంజీలో కూర్చున్నాయన "ఆడపిల్లయ్యా!" అన్నాడట. ఈయన పైనుంచే కేక వేస్తే, కింద దారినపోయే బండివాడు దడుచుకుని బండి ఆపేశాడట. ఆ పిల్ల ఇప్పుడు ఎందరికో పురుళ్లు పోసే నర్సు.

"అయితే నీకూ కొంచెం వచ్చే ఉంటుంది," అంది ముసలావిడ, కళ్లు ఆవు మీద నుంచి తిప్పకుండా. "లే. వచ్చేస్తోంది."

చుక్క కాళ్లు ముడిచి పడుకుంది. ఉమ్మనీరు జారింది. తీగబాబాయి కంగారుగా "అమ్మాయ్!" అని పిలవబోయారు.

"ష్!" ముసలావిడ ఆయన చేతి మీద ఒక్కటి వేసింది. "అరవకు. పిల్ల పాఠం చెబుతోంది. మనమిద్దరం చాలు."

ఆ కాన్పు అంతా గుసగుసల మీదే జరిగింది. "కాళ్లు కనబడ్డాయా?" "రెండు." "ముక్కు?" "ఆఁ, కాళ్ల మీద ఉంది." "అయితే భయం లేదు. అది ముక్కినప్పుడే పట్టు. అది ఆపితే నువ్వూ ఆపు." ఆయన మోకాళ్ల మీద కూర్చుని, జారిపోతున్న రెండు చిన్ని గిట్టల్ని పట్టుకుని, గాజుతీగ దగ్గర చేసినట్టే ఊపిరి బిగబట్టారు. రెప్ప వేయలేదు. కిటికీలోంచి "మెల్లగా, లాగకండి, బట్టే దారి చూపిస్తుంది" అంటున్న గొంతు వినిపిస్తోంది. అటు గౌను చేయి, ఇటు దూడ, రెండూ ఇంచుమించు ఒకేసారి కుదురుకున్నాయి.

దూడ తడితడిగా గడ్డిలో జారిపడింది. కదల్లేదు.

"ముక్కు తుడువు! ఒళ్లు రుద్దు, గట్టిగా!" ముసలావిడ గుసగుస కేక అయిపోబోయి ఆగింది. చేతికందేంతలో గోనె లేదు. ఆయన తన ఖాకీ చొక్కాను గుండీలు తెగేలా విప్పి దాంతోనే ముక్కు తుడిచారు, రొమ్ము రుద్దారు, వీపు రుద్దారు. దూడ తుమ్మింది. తల విదిలించింది. సన్నగా, కొత్తగా, ఒక్కసారే అరిచింది.

లోపల పాఠం ఆగింది. "అదేంటి టీచర్ ఆ అరుపు?" అని ఫోన్లోంచి ఎవరో అడిగారు. "మా ఇంట్లో ఇంకొకరు చేరినట్టున్నారు," అంది ఆమె. అవతల చప్పట్లు. ఆ తర్వాత ఆమె రెండో చేయి కూడా అతికించాకే పాఠం ముగించింది.

పెరట్లోకి పరుగెత్తి వచ్చేసరికి దూడ లేవబోయి పడుతోంది. చుక్క దాన్ని నాకుతోంది. అత్తగారు కుర్చీలో మహారాణిలా కూర్చుంది. బనియనుతో, పేడతో, గడ్డితో తీగబాబాయి నేల మీద కూర్చుని నవ్వుతున్నారు.

"ఒక్కసారి కూడా ఆగలేదు బాబాయ్. వచ్చేవారం ఇంకో ఇద్దరు చేరతామన్నారు."

"పెయ్యదూడే," అన్నారు ఆయన. ఆ ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినిపించుకోలేదు. ఇద్దరికీ అన్నీ అర్థమయ్యాయి.

ఆయన చేతులు కడుక్కుని, కెమెరాల వైర్లు మళ్లీ తగిలించబోతే ముసలావిడ వద్దంది. గుమ్మం దగ్గరది ఒక్కటి చాలంది. మిగతా వేళల్లో తనను ఇలాగే మోసుకురమ్మంది. కోడలు భర్త చొక్కా ఒకటి తెచ్చి ఇచ్చింది. లారీవాడి చొక్కాలో ఆయన మరీ సన్నగా కనిపించారు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "కొత్తగా వచ్చేవాడికి రెండో పరుగు కూడా చూడమని చెప్పమ్మాయ్," అన్నారు.

"కొత్తగా ఎవరు?" అంది ఆమె.

మోపెడు అప్పటికే కదిలింది. నిచ్చెన కొస సందు మలుపులో ఒక్క క్షణం కనిపించి, కనిపించకుండా పోయింది. సంగతంతా అత్తగారు చెప్పింది. కోడలు ఆయన వదిలి వెళ్లిన చొక్కా తీసుకుని వెళ్లి నీళ్లు తోడింది.

మర్నాడు పొద్దున ఆమె తలుపు తీసేసరికి, పెరటి దండెం మీద ఉతికి ఆరేసిన ఖాకీ చొక్కా గాలికి నిండుగా ఉబ్బి ఉంది. దాని కింద దూడ వణికే కాళ్ల మీద నిలబడి, వేలాడుతున్న చేతి కొసను నోట్లో పెట్టుకుని, పాలు వస్తాయన్న నమ్మకంతో చీకుతోంది.